ఇంటి సంగీతములో యథార్థమెంత?

సంగీతాన్ని ఇంటిలో వినిపించే పరికరాలు తయారుచేసేవారు నూరేళ్లకు పైగా ఒకే మాట చెప్పుకొంటూ వస్తున్నారు. ఈ పెట్టెలో నుండి వచ్చే పాటకూ, ఎదుట కూర్చుండి గాయకుడు పాడే పాటకూ భేదము లేదన్నదే ఆ మాట. కొమ్ము గ్రామఫోను నాడు ఈ మాట వినబడింది. రేడియోగ్రాము నాడూ వినబడింది. కాంపాక్టు డిస్కు వచ్చినపుడూ, అరచేతిలో ఇమిడే టెలిఫోను పాడసాగినపుడూ అదే మాట మళ్లీ వినబడింది. పరికరాలలో ఒకదానికొకటి పోలిక లేదు గాని, చెప్పిన గొప్ప మాత్రము మారలేదు. ఇన్ని తరాల యంత్రాలు అన్నియు మూలాన్ని ఉన్నది ఉన్నట్టు వినిపించి ఉంటే, ఒకదాని తరువాత ఒకటి రావలసిన పని ఏమున్నది? కాబట్టి ఈ మాటను విజ్ఞానశాస్త్ర దృష్టితో పరీక్షించి చూడటము అవసరము.

యథాతథముగా వినిపించే గుణానికి ‘హై ఫిడెలిటీ’ అని పేరు. ఫిడెలిటీ అనగా విధేయత. విధేయత అన్నపుడు దేనికి విధేయత అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. రికార్డుమీద చెక్కిన తరంగానికా? సభలో జరిగిన కచేరీకా? వినేవాని ఇష్టానికా? ఈ మూడును వేరువేరు విషయాలు. ప్రకటనలలో ఈ మూడింటినీ కలగలిపి, ఒకదానికి చూపిన నిదర్శనాన్ని మరొకదానికి అంటగట్టడము తరచుగా జరుగుతున్నది. చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది.

చీకటిలో జరిగిన పరీక్ష

థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫును 1877లో కనిపెట్టాడు. ఆయన సంస్థ వజ్రపు ములికితో పాడే రికార్డులను విడుదల చేసిన తరువాత, 1915 నుండి సుమారు పదేండ్లపాటు అమెరికా పట్టణాలలో ‘నాద పరీక్షలు’ అనే ప్రదర్శనలు వేలకొలదిగా ఏర్పాటు చేసింది. గాయని వేదికమీద యంత్రము పక్కన నిలుచుండి పాడుతుంది. మధ్యలో ఆమె ఆగుతుంది, యంత్రము పాడుతుంది. దీపాలు ఆర్పివేస్తారు. చీకటిలో పాట సాగుతూనే ఉంటుంది. తిరిగి దీపాలు వెలిగేసరికి వేదికమీద యంత్రము ఒక్కటే ఉంటుంది! గాయని ఎప్పుడు వెళ్లిపోయినదో ఎవరికీ తెలియలేదని సభ కరతాళధ్వనులు చేసేది. 1916లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో మేరీ రాపోల్డు అనే గాయనితో ఇటువంటి ప్రదర్శన జరిగింది.

ఆనాటి సభికులు అబద్ధము చెప్పలేదు. అయినను ఈ పరీక్షను పరీక్షగా అంగీకరించడము కష్టము. ఆ కాలములో రికార్డులు చేయడానికి మైక్రోఫోను వాడేవారు కారు; గాయకుని కంఠధ్వనియే కొమ్ములో దూరి ములికిని కదలించి రికార్డును చెక్కవలసివచ్చేది. అట్టి రికార్డుమీద స్థూలముగా 250 హెర్ట్జ్ నుండి 2,500 హెర్ట్జ్ వరకు గల కంపనాలు మాత్రమే చక్కగా నిలిచేవి. మనిషి చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఇంత ఇరుకైన సందులో నుండి వచ్చిన పాట అసలు కంఠముతో ఏకమై ఎట్లు తోచింది? ఈ ప్రదర్శనలలో పాల్గొన్న గాయని ఆనా కేస్, అనేక సంవత్సరాల తరువాత, తాను యంత్రపు ధ్వనికి సరిపోయేటట్లు తన కంఠాన్ని అణచి పాడేదానినని ఒప్పుకొన్నది. అనగా యంత్రము మనిషిని అనుకరించలేదు. మనిషియే యంత్రాన్ని అనుకరించింది.

ఈ కథలో నవ్వుకొనవలసినది కొంత ఉన్నను నేర్చుకొనవలసినది ఎక్కువ. పరీక్ష ఏర్పాటుచేసినవారే సరుకు అమ్మేవారు. పోల్చవలసిన రెండింటిలో ఒకటి రెండవదాని వైపు జరిగి వచ్చింది. ఏమి వినబోతున్నారో సభికులకు ముందే చెప్పబడింది. ఎందరు సరిగా గుర్తించారు, ఎందరు పొరబడ్డారు అన్న లెక్క తీయలేదు. ఈ లోపాలు నాలుగును నేటి దుకాణాలలో జరిగే ప్రదర్శనలలో కూడా కనబడుతాయి.

రెండు ప్రయోగాలు, రెండు సమాధానాలు

1925లో విద్యుత్తుతో శబ్దగ్రహణము మొదలైన తరువాత పరిధి క్రమక్రమముగా పెరిగింది. 1933 ఏప్రిలులో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాద్యబృందము వాయిస్తున్న సంగీతాన్ని టెలిఫోను తీగల ద్వారా వాషింగ్టనుకు పంపి, అక్కడి సభలో మూడు లౌడ్‌స్పీకర్లతో వినిపించారు. వాద్యాలు వేదికమీద ఏ వైపున ఉన్నవో ఆ వైపు నుండియే వినబడటము సభికులకు ఆశ్చర్యము కలిగించింది. ఇంజనీర్ల దృష్టిలో దారి స్పష్టమైంది: పరిధి ఎంత విస్తృతమైతే సంగీతము అంత యథార్థము.

అయితే 1945లో ఒక చిక్కు ఎదురైంది. చిన్, ఐసెన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు రేడియో శ్రోతలకు ఒకే సంగీతాన్ని ఇరుకు పరిధితోను, విస్తృత పరిధితోను వినిపించి ఏది ఇష్టమో అడిగారు. శ్రోతలలో ఎక్కువమంది విస్తృత పరిధిని కోరుకోలేదు. ఈ ఫలితాన్ని చూచి, జనానికి యథార్థ సంగీతము అక్కరలేదనీ, ఎక్కువ కంపనాలను పంపడము వృథా ఖర్చు అనీ వాదించేవారు బయలుదేరారు.

దీనికి సమాధానము ఆర్.సి.ఏ. ప్రయోగశాలకు చెందిన హారీ ఆల్సన్ 1947లో చేసిన ప్రయోగములో లభించింది. ఆయన యంత్రాలన్నిటినీ తొలగించాడు. ఒక గదిలో చిన్న వాద్యబృందాన్ని కూర్చుండబెట్టి, దానికీ శ్రోతలకూ మధ్య శబ్దాన్ని వడగట్టే తడికెలను నిలిపాడు. తడికెలు మూసి ఉన్నపుడు 5,000 హెర్ట్జ్‌కు పైనున్న కంపనాలు శ్రోతలను చేరవు. తెరచినపుడు సమస్తమూ చేరుతుంది. చూపును అడ్డగించి శబ్దాన్ని అడ్డగించని తెర ఒకటి ముందు వ్రేలాడుతున్నది గనుక తడికెలు ఎప్పుడు మూసినదీ, ఎప్పుడు తెరచినదీ శ్రోతలకు తెలియదు. వారు చెప్పవలసినది ఏది బాగున్నదని మాత్రమే. మూడింట రెండు వంతులకు పైగా శ్రోతలు పూర్తి పరిధినే కోరుకొన్నారు.

రెండు ప్రయోగాలకు ఇంత తేడా ఎందుకు? 1945లో శ్రోతలు విన్నది యంత్రము ద్వారా వచ్చిన సంగీతము. ఆంప్లిఫయరులోను, లౌడ్‌స్పీకరులోను మూలములో లేని కొత్త కంపనాలు పుడుతాయి. దీనినే విరూపణము అంటారు. ఈ కొత్త కంపనాలు ఎక్కువ భాగము పై స్థాయిలలో ఉంటాయి. పరిధిని కుదిస్తే వాటితోపాటు సంగీతములో కొంత పోయినను, కర్కశత్వము కూడా పోతుంది. శ్రోతలు తిరస్కరించినది యథార్థాన్ని కాదు. యథార్థము పేరుతో వచ్చిన కల్తీని. విరూపణము తగ్గించిన పరికరాలతో, రెండు ఛానెళ్ల పద్ధతిలో ఆల్సన్ తరువాత జరిపిన పరీక్షలలో కూడా శ్రోతలు పూర్తి పరిధి వైపే మొగ్గారు.

ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే విమర్శకు కావలసిన సూత్రము ఒకటి దొరుకుతుంది. ‘జనానికి ఇదే ఇష్టము’ అని ఎవరైనా చెప్పినపుడు, ఆ జనానికి ఏయే వస్తువుల మధ్య ఎన్నుకొనే అవకాశము ఇచ్చారో మొదట అడగాలి.

అలవాటు పడిన చెవి

ఇంతటితో శ్రోత ఎప్పుడూ నిజాన్నే కోరుకొంటాడని తేల్చివేయరాదు. 1956లో రోజర్ కిర్క్ అనే మనస్తత్త్వ పరిశోధకుడు కళాశాల విద్యార్థులతో చేసిన పని ఇందుకు అడ్డు వస్తుంది. ఆయన కొందరికి కొన్ని వారాలపాటు ఇరుకు పరిధిలోనే సంగీతము వినిపించాడు. మరికొందరికి విస్తృత పరిధిలో వినిపించాడు. చివరకు ఎవరు దేనికి అలవాటు పడితే వారి ఇష్టము దాని వైపే జరిగింది.

ఉపాధ్యాయులు గమనించవలసిన విషయము ఇది. ఇంటిలో పెద్దవారు సాధన చేస్తుండగా విని పెరిగిన పిల్లవాని చెవికి తంబురా అంటే ఏమిటో తెలుసు. వేలిగోరంత స్పీకరు ద్వారా మాత్రమే సంగీతము విన్న పిల్లవానికి ఆ స్పీకరు ధ్వనియే సంగీతము. అతనికి దానిలో లోటు కనబడదు. లోటు కనబడకపోవడానికి కారణము పరికరము మంచిదై ఉండటము కాక, పోల్చి చూచుకొనడానికి మూలము లేకపోవడము కావచ్చును.

తంబురా పెట్టే పరీక్ష

పోయేది ఏమిటో తెలియడానికి తంబురా కంటె మంచి ఉదాహరణము లేదు. తీగను మీటితే మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరాలు కూడా పుడుతాయి. వీటి పాళ్లను బట్టియే వీణకు ఒక నాదము, వేణువుకు ఒక నాదము ఏర్పడుతుంది. తీగను మీటిన చోట ఏ అనుస్వరానికి అస్పందన బిందువు ఉన్నదో ఆ అనుస్వరము వినబడరాదని పాఠ్యగ్రంథాలలోని సూత్రము. వీణ, తంబురాలు ఈ సూత్రాన్ని పాటించవని సి.వి. రామన్ 1921లో ప్రకటించిన పరిశోధనలో చూపాడు. గుర్రము ఉపరితలము సన్నని అంచుగా గాక వెడల్పుగా, వంపుగా ఉండటము, తంబురాలో తీగ కింద దారపు పోగు ఉంచడము దీనికి కారణము. తీగ గుర్రానికి తగులుతూ విడుతూ ఉంటుంది గనుక, ఉండరాని అనుస్వరాలు సైతము నిండుగా పలుకుతాయి. తంబురాకు జీవము వచ్చింది అని గాయకులు అనేది ఈ స్థితినే.

ఒకటి శ్రుతిలో పాడే పురుషుని తంబురాలో మంద్ర షడ్జము సుమారు 65 హెర్ట్జ్, సారణి తీగలు సుమారు 131 హెర్ట్జ్. వీటి అనుస్వరాలు వేలకొలది హెర్ట్జ్ వరకు సాగుతాయి. కొమ్ము గ్రామఫోనులో అడుగూ లేదు, పైభాగమూ లేదు. నేటి టెలిఫోనులోని చిన్న స్పీకరు పై కంపనాలను వినిపించగలదు గాని, తగినంత గాలిని కదలించే వైశాల్యము దానికి లేదు గనుక కొన్ని వందల హెర్ట్జ్‌కు దిగువన దాదాపు మూగబోతుంది.

అయినను ఆ స్పీకరులో కూడా శ్రుతి ఏదో తెలుస్తూనే ఉంటుంది! ఇది చెవి చేసే విచిత్రము. 393, 524, 655 హెర్ట్జ్ కంపనాలు చెవిని చేరితే, వాటి మధ్యనున్న అంతరము 131 అని మెదడు గ్రహించి, అసలు రాని 131 హెర్ట్జ్ స్వరాన్ని తానే పూరించుకొంటుంది. అందుచేత పాట గుర్తుపట్టగలుగుతున్నాము గదా, ఇంక లోటేమున్నది అనే వాదము నిలువదు. స్వరస్థానము తెలియడము వేరు, నాదము వినబడటము వేరు. కొండను దాని నీడను బట్టి గుర్తుపట్టవచ్చును; అంతమాత్రాన నీడను ఎక్కలేము.

మృదంగము సంగతి కూడా ఇటువంటిదే. మామూలు చర్మవాద్యాల అతిస్వరాలు మూలస్వరానికి పూర్ణాంక గుణిజాలు కావు; అందుచేత వాటికి నిర్దిష్టమైన శ్రుతి ఉండదు. చర్మము మీద కరణి పెట్టడము వలన మృదంగపు అతిస్వరాలు గుణిజాలుగా అమరుతాయని రామన్, శివకాళి కుమార్ 1920లో తెలిపారు. కుడివైపు పలికే ఈ శ్రుతి ఒకటి, ఎడమవైపు తొప్పి ఇచ్చే మంద్ర గుంకారము ఒకటి. చిన్న స్పీకరులో మొదటిది మిగులుతుంది, రెండవది పోతుంది. అట్టి స్పీకరుతో మృదంగ పాఠము నేర్చుకొనే విద్యార్థికి సగము మృదంగమే వినబడుతున్నది.

అంకెల గొప్ప, అంకెల మోసము

పరికరాల పెట్టెలమీద అచ్చువేసే అంకెలను విద్యార్థులు ఆసక్తితో చదువుతారు. వాటిలో కొన్ని విలువైనవి, కొన్ని పనికిమాలినవి. 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ ప్రచురించిన ఆంప్లిఫయరు పథకములో విరూపణము 0.1 శాతము మించదు. అంటే నేటికి డెబ్బది ఏండ్లకు మునుపే ఆంప్లిఫయరు సమస్య చాలవరకు తీరినదన్నమాట. లౌడ్‌స్పీకరులో, అందునా గట్టిగా పలికే మంద్ర స్వరాలలో, విరూపణము ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అటువంటపుడు ఆంప్లిఫయరు విరూపణాన్ని 0.01 నుండి 0.001 శాతానికి తగ్గించామని చెప్పుకొనడము, చిల్లికుండకు బంగారు మూత చేయించడము వంటిది.

వాట్ల సంగతి ఇంకను విచిత్రము. 50 వాట్ల పరికరానికి బదులు 100 వాట్లది కొంటే ధ్వని రెట్టింపు అవుతుందని చాలామంది అనుకొంటారు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పదింతల శక్తి కావాలి. 1990 ప్రాంతాలలో మన బజార్లలో టేపురికార్డర్లమీద ‘పి.ఎమ్.పి.ఓ.’ అనే అక్షరాల పక్కన వేలకొలది వాట్లు అచ్చువేసేవారు. గోడలోని సాకెట్టు నుండి వంద వాట్లు కూడా తీసుకొనని పెట్టె వేల వాట్ల ధ్వనిని నిలకడగా ఇవ్వడము శక్తి నిత్యత్వ సూత్రానికే విరుద్ధము. ఆ కొలతకు అందరూ అంగీకరించిన నిర్వచనము లేదు. పదవ తరగతి భౌతికశాస్త్రము చదివిన విద్యార్థి ఆ అంకెను కొట్టివేయగలగాలి.

గది కూడా వాద్యమే

పరికరము ఎంత మంచిదైనను చివరకు అది ఒక గదిలో పాడుతుంది. గోడల మధ్య దూరము 3.4 మీటర్లు అనుకొందాము. శబ్ద వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ గోడల మధ్య సగము తరంగము సరిగా ఇమిడే పౌనఃపున్యము 50 హెర్ట్జ్. ఆ పౌనఃపున్యము వద్దను, 100, 150 హెర్ట్జ్ వద్దను గదిలో స్థిర తరంగాలు ఏర్పడుతాయి. ఆ స్వరాలు గోడ దగ్గర కూర్చున్నవానికి హోరుగా వినబడుతాయి. గది నడుమ కూర్చున్నవానికి వాటిలో 50 హెర్ట్జ్ స్వరము దాదాపు వినబడదు. ఒకే పరికరము, ఒకే రికార్డు. కుర్చీ జరిపినంత మాత్రాన సంగీతము మారిపోయింది!

పై స్థాయి కంపనాల కష్టము వేరు. వాలెస్ సబీన్ పందొమ్మిదవ శతాబ్ది చివర హార్వర్డు విశ్వవిద్యాలయములోని ఒక ఉపన్యాస మందిరములో మాటలు ఒకదానిపై ఒకటి పడి అర్థము కాకపోవడాన్ని పరిశోధించాడు. ఆయన ఆ గదిలోనికి మెత్తలను తెచ్చి పరుస్తూ, ఒక్కొక్కసారి ప్రతినాదము ఎంతసేపు నిలుస్తున్నదో కొలిచాడు. మెత్తని వస్తువులు ఎంత ఎక్కువైతే ప్రతినాదము అంత త్వరగా అణగింది. సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు, తాండూరు బండల నేల గల గదిలో శబ్దాన్ని పీల్చుకొనేది ఏదీ లేదు. అట్టి ఖాళీ గదిలో ఖరీదైన స్పీకరు కూడా రణగొణలాడుతుంది. అదే గదిలో మందమైన తెరలు, పరుపులు, నిండుగా పుస్తకాలున్న బీరువా చేరితే పలుకు తేటపడుతుంది. యంత్రానికి వేలు ఖర్చుపెట్టే ముందు గదిని సరిచూచుకొనడము మేలు. ఈ సలహా అమ్మేవారి నోట తక్కువగా వినబడుతుంది, ఎందుకంటే పాత దుప్పటిమీద లాభము రాదు.

అంకెలుగా మారిన సంగీతము

1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ఒక్కొక్క ఛానెలులో సెకనుకు 44,100 మార్లు తరంగపు ఎత్తును కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల అంకెగా వ్రాస్తుంది. నైక్విస్టు, షానన్‌ల సిద్ధాంతము ప్రకారము, ఈ కొలతలతో 22,050 హెర్ట్జ్‌కు లోబడిన తరంగాన్ని తిరిగి నిర్మించవచ్చును. తరంగము మెట్లుమెట్లుగా తెగిపోతుందని పలువురు చెప్పేది పొరపాటు. మెట్లను తొలగించే వడపోత నిర్మాణములోనే ఉన్నది. ఒక్కొక్క బిట్టుకు సుమారు 6 డెసిబెల్‌ల చొప్పున అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య 96 డెసిబెల్‌ల ఎడము లభిస్తుంది. మామూలు ఇంటిలో ఇంత ఎడము వినియోగించుకొనడమే కష్టము.

దీనికంటె మెరుగైనవని చెప్పబడే పద్ధతులు తరువాత వచ్చాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, అట్టి ఉన్నత పద్ధతిలోని సంగీతాన్ని ఒకసారి నేరుగాను, మరొకసారి కాంపాక్టు డిస్కు ప్రమాణానికి తగ్గించియు, ఏది ఏదో చెప్పకుండా శ్రోతలకు వినిపించారు. 554 ప్రయత్నాలలో సరిగా గుర్తించినవి 276. నాణెము ఎగురవేసి చెప్పినను ఇంతే వస్తుంది. ఒక్క పరీక్షతో ప్రపంచములో ఎవరికీ తేడా తెలియదని తేల్చలేము గాని, ‘ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది’ అనే ప్రచారము మాత్రము దీని ముందు నిలువదు.

ఇంకొక వైపు, అంకెలను కుదించే ఎమ్.పి.3 వంటి పద్ధతులున్నవి. డిస్కులో సెకనుకు 14,11,200 బిట్లుంటే, ఒకప్పుడు విరివిగా వాడిన ఎమ్.పి.3 పాటలో 1,28,000 బిట్లు మాత్రమే. గట్టి ధ్వని పక్కనున్న మెల్లని ధ్వనిని చెవి పట్టించుకొనదు గనుక, అట్టివాటిని స్థూలముగా వ్రాసి చోటు మిగుల్చుతారు. బిట్లు తగినన్ని ఉన్నపుడు తేడా కనిపెట్టడము శిక్షణ పొందినవారికి కూడా కష్టమే. బిట్లను మరీ తగ్గించినపుడు మాత్రము, చప్పున పుట్టే దెబ్బలకు ముందు మసక వంటి రొద చేరుతుంది. కాబట్టి కుదించినదంతా చెడ్డదని తోసిపుచ్చడమూ తప్పే, ఎంత కుదించినా ఒకటే అనడమూ తప్పే.

నిజమైన నష్టము మరొక చోట జరిగింది. రెండు పాటలను వెంటవెంటనే విన్నపుడు కొంచెము గట్టిగా ఉన్నది మంచిదిగా తోచుతుంది. ఈ బలహీనతను పట్టుకొని, ప్రతి ఆల్బమును తక్కినవాటికంటె గట్టిగా వినిపింపజేయాలనే పోటీ బయలుదేరింది. ఇందుకోసము మెల్లని భాగాలను పైకెత్తి, గట్టి భాగాల శిఖరాలను నరికివేస్తారు. 96 డెసిబెల్‌ల ఎడము చేతిలో ఉండగా, కొన్ని డెసిబెల్‌లలోనే పాటనంతా ఇరికించినట్లయింది. 2008లో మెటాలికా బృందము వెలువరించిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమును గురించి అభిమానులే ఫిర్యాదు చేశారు. 2010లో యూరపు ప్రసార సంస్థల సమాఖ్య, శిఖరాన్ని గాక సగటు ఉచ్చతను కొలిచి అన్ని కార్యక్రమాలను ఒకే మట్టానికి తేవాలనే ప్రమాణాన్ని ప్రకటించింది. మట్టము అందరికీ ఒకటే అయినపుడు శిఖరాలను నరికి లాభపడేవాడు ఉండడు. ఇక్కడ సాధనము నిర్దోషి. దానిని వాడినవారే దోషులు.

విధేయతకు గల హద్దు

1954లో లండనులోని రాయల్ ఫెస్టివల్ హాలులో గిల్బర్ట్ బ్రిగ్స్, 1960 ప్రాంతాలలో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, సజీవ వాద్యాన్నీ శబ్దగ్రహణాన్నీ సభలో పోల్చి చూపారు. విల్చర్ పద్ధతి ఎడిసన్ నాటి దానికంటె మెరుగైనది. తంత్రీవాద్య బృందము సంగీతాన్ని ప్రతినాదము సోకని ఆరుబయట గ్రహించి, సభలో స్పీకర్ల ద్వారా వినిపించినందున, ఒక మందిరపు ప్రతినాదముపై మరొక మందిరపు ప్రతినాదము పడలేదు. అయినను ఆ పోలిక రుజువుచేసినది ఒక్కటే: నాలుగు వాద్యాలు ఒక సభలో ఉన్నట్లు వినిపించడము సాధ్యమే. నూరుమంది వాయించే వాద్యబృందాన్ని పది అడుగుల గదిలోనికి తేవడము సాధ్యమని దానివలన తేలదు.

ఇంకను లోతుగా చూస్తే, చాలా సంగీతానికి మూలమే లేదు. సినిమా పాటలో గాయని ఒకనాడు, వయొలిన్లు మరొకనాడు, తాళవాద్యాలు మరొక గదిలో గ్రహింపబడవచ్చును. ఆ పాట ఏ సభలోనూ జరుగలేదు; మొట్టమొదట అది వినబడినది స్టూడియోలోని స్పీకర్లలో. అట్టి పాటకు విధేయత అంటే ఆ స్పీకర్లకు విధేయతయే. కచేరీలో సైతము మైకులు, స్పీకర్లు ఉన్నపుడు, వెనుక వరుసలోని శ్రోత విన్నదీ యంత్రపు ధ్వనియే. కాబట్టి సభకు విధేయతను కొలవడము సాధ్యము కానిచోట, చేతిలోని రికార్డుకు విధేయతను మాత్రమే పరికరము నుండి కోరడము న్యాయము. అది కొలవదగినది. ఇష్టము మూడవది, దానిమీద ఎవరికీ తగవు ఉండరాదు. మంద్రము ఎక్కువగా ఉంటే బాగుంటుందని ఒకరు అనవచ్చును. దానిని యథార్థమని పేరుపెట్టి అమ్మడమే తప్పు.

బడిలో చేయదగిన పరీక్ష

1994లో టూల్, ఆలివ్ అనే శాస్త్రజ్ఞులు ఒకే స్పీకర్లను శ్రోతలకు కనబడేటట్లు ఒకసారి, తెరచాటున ఒకసారి వినిపించారు. కన్ను తెరచి ఉన్నపుడు, రూపాన్నీ పరిమాణాన్నీ బట్టి మార్కులు మారిపోయాయి. చెవి చెప్పవలసిన తీర్పును కన్ను చెప్పింది.

ఈ సత్యాన్ని ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయముగా తెలిసికొనవచ్చును. ఒకే పాటను రెండు స్థాయిలలో కుదించిన ప్రతులుగాని, రెండు ఆంప్లిఫయర్లుగాని తీసుకోవాలి. ఆంప్లిఫయర్లయితే 1,000 హెర్ట్జ్ స్వరము పంపి, స్పీకరు కొనల వద్ద ఏ.సి. వోల్టుమీటరుతో కొలిచి, రెండింటి వోల్టేజి 1 శాతము లోపల సమానమయ్యేటట్లు సరిచేయాలి. ఇది చేయకపోతే గట్టిగా ఉన్నదే గెలుస్తుంది. ఒక విద్యార్థి తెర వెనుక నాణెము ఎగురవేసి, బొమ్మ పడితే మొదటిది, బొరుసు పడితే రెండవది వినిపించి, కాగితముమీద వ్రాసుకోవాలి. వినేవాడు ఏది విన్నాడో వ్రాయాలి. ఇట్లు పదిమార్లు చేసి పోల్చాలి. ఊహతో చెప్పినవానికి 5 సరిపడటము సహజము. 9 గాని 10 గాని సరిపడటానికి గల అవకాశము 1,024లో 11 మాత్రమే, అనగా సుమారు 1 శాతము. తరగతిలో నలుబదిమంది ఉంటే వారిలో ఒకరికి అదృష్టవశమున 9 రావచ్చును గనుక, అట్టివానిచేత మరల పదిమార్లు చేయించాలి.

ఈ పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పము. దానివలన భౌతికశాస్త్రము, సంభావ్యతా గణితము, సంగీతము ఒకే గంటలో కలిసివస్తాయి. వీలైతే ఆ గంటకు ముందు ఒక నిజమైన తంబురానో, మృదంగాన్నో తరగతికి తెప్పించి, మైకు లేకుండా వినిపించడము మంచిది. మూలాన్ని ఒక్కసారైనా వినని చెవి నకలుకు తీర్పు చెప్పలేదు.